పంటు దారి తప్పితే: అవతలి గట్టు మీద మనమే ఉంటే? (కలిసి అల్లే కథ)

#1 వైనతేయ తీరం

అందరికీ నమస్కారం. పోయినసారి మొదలుపెట్టిన దెయ్యం కథ మధ్యలో వదిలేశాను, తప్పు నాదే. ఈసారి పూర్తి చేస్తాను, ఒట్టు.

సంగతి ఇదీ. పుష్యమాసం, తెల్లవారుజాము. కోటిపల్లి రేవులో ముక్తేశ్వరం వైపు వెళ్ళే మొదటి పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే బల్లకట్టు) కదిలింది. దాని మీద రెండు బైకులు, పాల క్యాన్ల ఆటో ఒకటి. మనుషులు ఐదుగురు: పాల కుర్రాడు, ఒక లెక్చరర్, కూతురి పెళ్ళి శుభలేఖలు పంచడానికి బయల్దేరిన భార్యాభర్తలు, కొబ్బరి దింపు తీసే ఆయన. పంటు నడిపే మనిషితో ఆరుగురు. గౌతమి పాయ మధ్యకి వచ్చేసరికి మంచు కమ్మేసింది. చాపిన చెయ్యి కనపడటం లేదు. కాసేపట్లో తగలాల్సిన గట్టు గంటైనా తగల్లేదు. చివరికి పంటు ఎక్కడో ఇసుకలో దిగబడింది.

దిగి చూస్తే రేవు లేదు. టీ కొట్టు లేదు. కొబ్బరి చెట్టు ఒక్కటంటే ఒక్కటి లేదు. (కోనసీమలో ఇంతకంటే భయపెట్టే వాక్యం ఎవరైనా రాయగలరా?) తుమ్మ డొంకలు, బీటలు వారిన బీడు, దూరంగా నాలుగు తాటాకు గుడిసెలు. ఒక గుడిసెలోంచి బయటికి వచ్చినవాడిది మన పాల కుర్రాడి ముఖమే. కాకపోతే డొక్కలు బయటపడి, పదేళ్ళు ముదిరినట్టున్నాడు. కాసేపు ఇద్దరూ గుడ్లప్పగించి చూసుకున్నారు. అవతలివాడి నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "ఆ క్యానులో ఏముంది?"

వీళ్ళు తేలింది ధవళేశ్వరం ఆనకట్ట కట్టని గోదావరిలో. మన లోకంలో కాటన్ దొర ఒంట్లో బాగోక విశాఖపట్నంలో ఉండి, అక్కణ్ణించి గోదావరి పని మీదికి వచ్చాడు. 1847లో పని మొదలుపెడితే 1852కి ఆనకట్ట పూర్తయింది. ఆ లోకంలో ఆ జబ్బు ఇంకాస్త ముదిరింది, ఆయన ఓడెక్కి ఇంటికి పోయాడు. అంతే తేడా.

ఇక మీరు అందుకోండి. అవతలి గట్టు మీద మనవాళ్ళు ఎలా ఉంటారు? ఈ ఆరుగురు తిరిగి ఎలా రావాలి? అసలు వస్తారా?

#2 పులస ప్రియుడు

ముందొక డౌటండీ. ఆనకట్ట లేకపోతే పులస ఎక్కడిదాకా ఎక్కుతుంది? మన లోకంలో సముద్రంలోంచి వచ్చిన విలస (ఏరెక్కితే అదే పులస) ధవళేశ్వరం గోడకి తల కొట్టుకుని ఆగిపోతోంది. అక్కడ అడ్డే లేదు కదా. భద్రాచలం రాములవారి గుమ్మం దాకా పోతుంది. చీకటి లోకం అంటారేంటండీ!

#3 ధవళేశ్వరం బుల్లోడు

పులస గారూ, ఆ లోకంలో పులస ఉంటుంది, వండుకోవడానికి చింతపండు ఉండదు.

నేను పుట్టింది బ్యారేజీ పక్కనే కాబట్టి కొన్ని లెక్కలు చెప్పి తీరాలి. ఆనకట్టకి ముందు రాజమహేంద్రవరం జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలు. ఇరవై ఏళ్ళలో జనం పెరగాల్సింది పోయి నాలుగో వంతు దాకా తరిగిపోయారు. మధ్యలో ఏం జరిగింది? 1832-33లో నందన నామ సంవత్సరం కరువు. 1839 నవంబరులో కోరంగిని ముంచేసిన ఉప్పెన. ఏటా అయితే వరద, లేకపోతే ఎండ. పక్కనే లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతుంటే గుక్కెడు నీళ్ళు లేక పంట మాడిపోవడం.

అందుచేత వైనతేయ గారు రాసింది కల్పన కాదు, 1841లో ఆగిపోయిన ఫోటో. దాన్ని ముందుకు నడిపిస్తే ఇంకా ఘోరం. 1876-78 ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అంతా మలమల మాడినప్పుడు కాస్త నిలబడ్డది గోదావరి, కృష్ణా డెల్టాలే, కాలవల పుణ్యాన. ఆ లోకంలో కాలవ లేదు. అంటే గంజి కేంద్రం ముందు వరసలో మన తాతల తాతలే నిలబడాలి. నిలబడే ఓపిక ఉంటే.

ఇంకొక్క మాట. కాటన్ ఒక్కడే కట్టలేదండీ. వీణెం వీరన్న గారు లేకపోతే అన్ని వేల మంది కూలీలను పోగేసి, తిండి పెట్టి, పని చేయించేవాళ్ళు లేరు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు ముక్కలుగా కట్టారు. ఆ లోకంలో వీరన్న గారు ఏమై ఉంటారన్నది నాకు కాటన్ కంటే ఆసక్తి.

#4 హ్యూస్టన్ కోనసీమ

బ్రదర్, లెక్కలు బాగున్నాయి గానీ కథలో కిక్ లేదు. అవతలి మనం మంచివాళ్ళమే, ఆకలితో ఉన్నాం, పాపం. దీన్ని ఎవరు చదువుతారు? అవతలివాళ్ళు దుర్మార్గులై ఉండాలి. లెక్చరర్ అక్కడ కరువు ధాన్యాన్ని గాదెల్లో దాచి అమ్ముకునే జమీందారు. పెళ్ళివారు అక్కడ కూలీలను ఓడల్లోకి ఎక్కించే ఏజెంట్లు. కొబ్బరి దింపు ఆయన జమీందారు కొరడా మనిషి. మన ఆరుగురి బట్టలు, ఫోన్లు చూసి "వీళ్ళ స్థానంలో మనం అటు వెళ్ళిపోదాం" అని ప్లాన్ వేస్తారు. క్లైమాక్స్ పంటు మీద.

#5 యానాం వాసి

ఓడల ఏజెంట్ల ఐడియా బాగుంది. మన లోకంలోనే కోరంగి రేవు నుంచి ఎంతమంది వలస పోయారో. బర్మాలో తెలుగు కూలీలందర్నీ కలిపి కోరంగీలు అనేవారు. ఆనకట్ట కట్టాకే ఇంతమంది పోతే, కట్టకపోతే? ఈ ఆరుగురు ఎంత వెతికినా గోదావరి ఒడ్డున తమలాంటి వాళ్ళు దొరకరు. రంగూన్‌లో దొరుకుతారు. పంటు వేసుకుని రంగూన్ ఎలా పోతారో మీరే చూడండి, ఉన్న డీజిలు సఖినేటిపల్లి దాకా కూడా రాదు.

అన్నట్టు ఆ లోకంలో యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉందా? మన లోకంలో 1954లో వచ్చేసింది. అలా ఉంటే మాత్రం మొదట మా రేవుకే రండి, కనీసం రొట్టె దొరుకుతుంది.

#6 పాత మాస్టారు

వశిష్ఠ పాయ ఒడ్డున పుట్టి వాసిష్ఠాన్ని మరిచిపోతే ఎలా నాయనా? మీరేదో కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుకుంటున్నారు. యోగవాసిష్ఠంలో లీలోపాఖ్యానం చదవండి. రాణి లీల, భర్త పద్ముడు చనిపోతే సరస్వతీదేవి తోడుగా ఇంకో లోకానికి వెళుతుంది. అక్కడ ఆయన విదూరథుడనే రాజై ఉన్నాడు. ఆ లోకంలో యుద్ధం, నగరం తగలబడిపోతోంది. మీరన్న చీకటి లోకమే. సరే, అక్కడ ఆ రాజు పక్కన ఎవరున్నారు? ఇంకో లీల! అచ్చం తనలాగే. ఆ లోకాలన్నీ ఎక్కడ ఇమిడి ఉన్నాయంటే, ఒక బ్రాహ్మడి చిన్న ఇంటి గదిలో.

నాకు అందులో బాగా నచ్చింది, లీల ఆ రెండో లీలని చూసి "నువ్వెవరు" అని దెబ్బలాడదు. హ్యూస్టన్ బాబు చెప్పినట్టు కొరడాలూ అవీ ఉండవు. ఎదురుగా నిలబడి ఉన్నది తనే అయినప్పుడు ఏం మాట్లాడాలో తెలియకపోవడమే పెద్ద కష్టం. మీ కథలో పాల కుర్రాడు క్యాను గురించి అడగడం దానికి దగ్గరగా ఉంది. అది చెడగొట్టకు.

#7 భౌతికం మేడం

ఆలస్యంగా వచ్చాను, సారీ. పేపర్లు దిద్దుతున్నాను.

లోకాలు చీలడం అనే ఊహకి ఒక లెక్క ఉంది. 1957లో హ్యూ ఎవరెట్ అనే ఆయన క్వాంటం సమీకరణాన్ని ఉన్నదున్నట్టు నమ్మితే ప్రతి కొలత దగ్గరా విశ్వం కొమ్మలుగా విడిపోతుందని రాశాడు. కొమ్మ నుంచి కొమ్మకి పంటు మాత్రం ఉండదు. ఒకసారి విడిపోయాక ఒకదాని చప్పుడు ఇంకోదానికి వినపడదు. అది మంచులో తప్పిపోయిందని సరిపెట్టుకుందాం, కథ కదా.

నేను సరిపెట్టుకోలేనిది ఇంకోటి ఉంది. 1847లోనే దారి చీలితే, ఇప్పుడు పాల కుర్రాడికి అవతల జోడీ ఉండనే ఉండడు. ఆలోచించండి. అయిదారు తరాల కింద ఎవరి పెళ్ళి ఎవరితో అయిందో మారిపోతుంది. అదే ఇద్దరికి పెళ్ళయినా, బిడ్డ కడుపున పడటం ఒక్క పూట అటూ ఇటూ అయితే పుట్టేది ఇంకో బిడ్డ. ఆ ముఖం మళ్ళీ రాదు. ఆనకట్ట లేని గోదావరిలో కరువు ఉంటుంది, వలస ఉంటుంది, అన్నీ ఉంటాయి. మనం మాత్రం ఉండం. మన జాగాలో ఎవరో ఉంటారు.

అవతల మనమే కావాలంటే, చీలిక మనం పుట్టాక జరగాలి.

#8 ధవళేశ్వరం బుల్లోడు

అంటే నా జనాభా లెక్కలన్నీ గోదాట్లో కలిపేసినట్టేనా మేడం 😀

#9 రంప గాలి

చాలా రోజులకి లాగిన్ అయ్యాను. మీరందరూ ఆనకట్ట లేకపోతే ఏమయ్యేదని భయపడుతున్నారు. మా అత్తగారిది దేవీపట్నం మండలం. ఆనకట్ట కడుతుంటే ఏమవుతుందో మాకు తెలుసు. ఊరు పోలవరం ముంపులో ఉంది. కాలనీలో ఇల్లు ఇచ్చారు, ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి. మా మామగారు ఒకరోజు చీకటి పడ్డాక వేరేవాళ్ళ ఇంట్లోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నారు. వాళ్ళు కూడా ఏమీ అనలేదు, మంచినీళ్ళిచ్చారు. ఇది మీ కథలో ఎక్కడైనా పనికొస్తే వాడుకోండి.

#10 పులస ప్రియుడు

రంప గాలి గారి పోస్టు చదివాక జోకులు రావట్లేదండి. కాసేపాగి వస్తా.

#11 వైనతేయ తీరం

మేడం గారు చెప్పింది నిజం. రాత్రంతా ఆలోచించాను. బుల్లోడు గారూ, క్షమించండి, ఆనకట్ట మన లోకంలోనే ఉండనివ్వండి. (మీ లెక్కలకి ఇంకో థ్రెడ్ తెరుద్దాం.)

చీలిక 1996 నవంబరు 6. దీపావళికి నాలుగు రోజుల ముందు, బుధవారం రాత్రి. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ తుపాను ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. వెయ్యి మందికి పైగా పోయారు. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వేటకి వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. తెల్లారి లేస్తే కొబ్బరి తోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకి పడి ఉన్నాయి. కాబట్టి నా మొదటి పోస్టులో కొబ్బరి చెట్లు లేని గట్టు అలాగే ఉంటుంది, కారణం మాత్రం మారుతుంది.

ఆ రాత్రి మా ఊళ్ళో నాలుగో ఐదో డాబాలు. మిగతావన్నీ తాటాకిళ్ళు, పెంకుటిళ్ళు. గాలి ముదిరాక పేట (దళితవాడ) జనం మా ఇంటికి వచ్చారు. మా తాతయ్య తలుపు తీశాడు. హాలు నిండా మనుషులు, ఒకళ్ళ మీద ఒకళ్ళు. తడి బట్టల వాసన నాకిప్పటికీ గుర్తే. నా పక్కన కూర్చున్న పిల్లలకి నేను దీపావళికి దాచుకున్న కాకరపువ్వొత్తులు చూపించాను, అవి చెమ్మగిల్లిపోయాయి.

అవతలి లోకం ఏమిటంటే, ఆ రాత్రి కోనసీమ మొత్తంలో ఒక్క డాబా తలుపు కూడా తెరుచుకోలేదు. అంతే. మిగతాదంతా మామూలే. గాలి అదే, నీళ్ళూ అవే.

#12 యానాం వాసి

ఒళ్ళు జలదరించింది. ఇంకోటి గమనించారా? 1996-97 కూడా ధాత నామ సంవత్సరమే. 1876 ధాత, 1996 ధాత. రెండు అరవైలు. తలుపు ధాతలో తెరుచుకుంటుందేమో. మళ్ళీ ధాత 2056లో.

#13 భౌతికం మేడం

అరవై ఏళ్ళకొకసారి ఏదో ఒక సంవత్సరం పేరు కలుస్తూనే ఉంటుందండీ. మధ్యలో 1936 కూడా ధాతే, అప్పుడేమైంది? కథకి వాడుకోండి, నమ్మకండి.

#14 వైనతేయ తీరం

రెండో భాగం పెడుతున్నాను. లెక్చరర్ తన ఊరు వెతుక్కుంటూ నడిచి వెళతాడు. (ఆయన్ని నాకు దగ్గరగానే రాసుకున్నాను, దాచడం ఎందుకు.)

"ఏటిగట్టు మీద నడుస్తుంటే ఊరు తెలిసినట్టే ఉంది, మనుషులు తక్కువగా ఉన్నారు. చేలు దున్నిన గుర్తు లేదు. కాలవ ఉంది, కాలవలో నీళ్ళున్నాయి, తూడు కమ్మేసింది, తియ్యడానికి మనిషి లేడు. పేట ఉండాల్సిన చోట మట్టిదిబ్బలు. అక్కడి జనం ఆ తుపాను తరవాత తెల్లారే వెళ్ళిపోయారని, ఎటు వెళ్ళారో ఎవరూ అడగలేదని తరవాత తెలిసింది.

తాతగారి డాబా మాత్రం అలాగే ఉంది. వీధి తలుపుకి బయట రెండు తాళాలు, లోపల గడియ. కిటికీలకి ఇటుకలు పేర్చి మూసేశారు. లెక్చరర్ వెనక్కి తిరిగి దొడ్డి గుమ్మం దగ్గర తలుపు కొట్టాడు. లోపల చెప్పుల చప్పుడు వచ్చి తలుపు దగ్గర ఆగింది. చాలాసేపటి వరకు మాట లేదు. ఆ తరవాత ఒక గొంతు, తన గొంతే, కాస్త బొంగురు. ఎవరూ అని అడగలేదు.

'ఎంతమంది ఉన్నారు?' అంది."

#15 హ్యూస్టన్ కోనసీమ

ఓకే, కొరడాలు వాపసు తీసుకుంటున్నా. చివరి లైన్ అదిరింది.

#16 పాత మాస్టారు

బాగుంది. ఇటుకలు ఎక్కువయ్యాయి. ప్రశ్న చాలు.

#17 శివారు భూమి

కథ బాగుంది. చిన్న సవరణ. కాలవలో నీళ్ళున్నాయి, దున్నేవాడు లేడు అన్నారు. మా వైపు దున్నేవాళ్ళు ఉంటారు, నీళ్ళుండవు. దాళ్వాకి (రెండో పంటకి) వంతులవారీ పెడితే మా వంతు వచ్చేసరికి పైవాళ్ళ ఇంజన్లు తాగేసి ఉంటాయి. 2011లో పంట విరామం పెట్టినప్పుడు మా చేను కూడా అలాగే బీడుపడింది, ఏ లోకంలోకీ వెళ్ళక్కర్లేకుండా. సరే, నా గోల ఎప్పుడూ ఉండేదే. కొనసాగించండి.

#18 ఏటిగట్టు

ఈ వేదికలో చేరి మూడేళ్ళయింది, ఇదే నా మొదటి పోస్టు.

వైనతేయ గారూ, మీరు రాసిన చీకటి లోకం నాకు తెలిసిన ఊరే. 1996లో నాకు పన్నెండేళ్ళు. మాది పేట. మా ఊరి పేరు చెప్పను, మీ ఊరు కాదు, అయినా పెద్ద దూరం ఉండదు. ఆ రాత్రి మేం మూడు డాబాల దగ్గరికి వెళ్ళాం. రెండింట్లో పలకలేదు. దీపం ఉంది, పలకలేదు. మూడో ఇంట్లో పలికారు. లోపల్నించి ఏమన్నారో తెలుసా? "ఎంతమందిరా?" అన్నారు.

తలుపు తియ్యలేదు. స్కూలు తాళం పగలగొట్టి అందులో ఉన్నాం. తెల్లారి తాళం పగలగొట్టినందుకు మా నాన్నని పంచాయతీకి పిలిచారు.

మీ కథకి వంక పెట్టాలని రాలేదు. ఒక్కటే అడగాలనుకున్నాను. ఆ ప్రశ్న మీకెలా తెలిసింది? అది లోపలున్నవాళ్ళకీ బయటున్నవాళ్ళకీ తప్ప వేరేవాళ్ళకి తట్టే ప్రశ్న కాదు.

#19 కొత్తపేట కుర్రోడు

సార్, ప్రతిదాంట్లోకి ఇవి తేవడం అవసరమా? ఆయన హాయిగా కథ రాసుకుంటుంటే... అప్పట్లో తలుపు తీసినవాళ్ళు లేరా? మా ఇంట్లో వంద మందికి అన్నం పెట్టారు.

#20 ఏటిగట్టు

పెట్టి ఉంటారు. కాదనలేదు తమ్ముడూ.

#21 రేవు కాపలా (నిర్వాహకులు)

ఇద్దరి పోస్టులూ నియమాల లోపలే ఉన్నాయి, ఏదీ తీసెయ్యను. ఊళ్ళ పేర్లు, ఇంటి పేర్లు ఎవరూ పెట్టకండి. కొత్తపేట కుర్రోడు గారూ, మీ వంద మంది సంగతి వివరంగా రాస్తే చదువుతాం, నిజంగా. ఎగతాళి కాదు.

#22 కొత్తపేట కుర్రోడు

నేను అప్పటికి పుట్టలేదండీ. ఇంట్లో చెప్పుకుంటారు.

#23 పులస ప్రియుడు

మా ఇంట్లోనూ చెప్పుకుంటారు. ఆలోచిస్తే, "మేం తలుపు తియ్యలేదు" అని చెప్పుకునే ఇల్లు ఇప్పటిదాకా నాకొక్కటీ తగల్లేదు.

#24 వైనతేయ తీరం

నాలుగు రోజులు ఇటు రాలేదు. ఏటిగట్టు గారి ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. నిజం చెప్పాలంటే ఆ లైను నేను ఆలోచించి రాయలేదు, రాస్తుంటే వచ్చేసింది. గొప్పగా వచ్చిందనుకున్నాను కూడా.

ఆదివారం ఊరెళ్ళి అమ్మని అడిగాను. వంటింట్లో కొబ్బరి కోరుతూ ఉంది. "అమ్మా, తుపాను రాత్రి తాతయ్య తలుపు తీశాడు కదా" అన్నాను. అమ్మ కోరడం ఆపలేదు.

"మీ తాతా? ఎంతమందిరా అని అడిగాడు. నలభై మందిమండీ అన్నారు. సావిడిలోకి పొమ్మన్నాడు."

సావిడి అంటే పశువుల సావిడి, పెంకులది. అర్ధరాత్రి దాటాక ఆ పెంకులు లేచిపోయాయట. దూలం పడి ఒకాయన కాలు నలిగింది. అప్పుడు మా నాయనమ్మ తాతయ్యతో ఒక్క మాట కూడా అనకుండా లేచి వెళ్ళి దొడ్డి గుమ్మం తీసిందట. పిల్లల్ని మాత్రం లోపలికి రానిచ్చింది. పదకొండు మంది. పెద్దవాళ్ళు తెల్లారేవరకు వంటింటి గోడకి ఆనుకుని బయటే ఉన్నారు.

నేను కాకరపువ్వొత్తులు చూపించింది ఆ పదకొండు మందికి. నా పక్కన ఉన్నవాళ్ళందరూ పిల్లలే ఎందుకయ్యారని ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారీ తట్టలేదు. "హాలు నిండా" అని రాశాను చూడండి, ఎనిమిదేళ్ళవాడికి పదకొండు మంది పిల్లలుంటే హాలు నిండినట్టే.

కాలు పోయినాయన నాకు బాగా తెలుసు. కుంటుతూ వచ్చి మా కొబ్బరికాయలు ఒలిచేవాడు. నాకు తాటికాయ బుర్రలతో బండి చేసిచ్చాడు. ఆ కాలు ఎలా పోయిందని చిన్నప్పుడు అడిగితే "చెట్టు మీంచి పడ్డా బాబూ" అన్నాడు. నిన్నటిదాకా నమ్మాను.

తాతయ్య మీద కోపంగా ఉందా అంటే చెప్పలేను. ఆయన నన్ను భుజం మీద ఎక్కించుకుని అంతర్వేది తీర్థం చూపించిన మనిషి. ఆ మనిషీ ఈ మనిషీ ఒకడే అంటే ఇంకా తలకెక్కడం లేదు. దీన్ని ఇక్కడ రాయాలా వద్దా అని కూడా చాలా టెన్షన్ పడ్డాను.

#25 రంప గాలి

మీ అమ్మగారు ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదట?

#26 వైనతేయ తీరం

అదీ అడిగాను. "నువ్వు అడగలేదుగా" అంది.

#27 పాత మాస్టారు

నాయనా, ఇటుకలు ఎక్కువయ్యాయని అన్నాను. ఉంచు.

#28 హ్యూస్టన్ కోనసీమ

ఏం అనాలో తెలియట్లేదు గానీ, ఆ ఆరుగురు ఇంకా ఇసుకలోనే ఉన్నారు బ్రదర్. పాల క్యాన్లు కూడా. కథ ఆపేస్తారా?

#29 వైనతేయ తీరం

ఆపను. దారి మాత్రం కనపడటం లేదు. లెక్చరర్ దొడ్డి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. లోపలివాణ్ణి దుర్మార్గుడిగా రాద్దామనుకున్నాను. ఇప్పుడు తలుపుకి అటూ ఇటూ ఎవరు ఎవరో నాకే తెలియడం లేదు. లోపల్నించి అడిగిన ప్రశ్నకి బయటున్న లెక్చరర్ ఏం చెప్పాలి? "ఒక్కణ్ణే" అంటే తలుపు తెరుచుకుంటుంది. మిగతా ఐదుగురు ఇసుకలో ఉన్నారు.

#30 భౌతికం మేడం

ఇక్కడ నా ఫిజిక్సు పనికిరాదు. ఏటిగట్టు గారు ఒప్పుకుంటే ఆయన్ని అడగండి.

#31 ఏటిగట్టు

వైనతేయ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా ఇంటామెకి కూడా చదివి వినిపించాను. ఆవిడ మీ నాయనమ్మగారి గురించే మాట్లాడింది చాలాసేపు. పిల్లల్ని మాత్రం అని గీత గీసింది కదా, ఆ గీత దగ్గర ఆవిడకీ నాకూ చిన్న గొడవ కూడా అయింది. అది వేరే.

మీకు అభ్యంతరం లేకపోతే తరవాతి భాగం నేను రాస్తాను. కథలు రాసిన అలవాటు లేదు, తప్పులుంటే మాస్టారు దిద్దాలి. తలుపు బయటి వైపు నుంచి రాస్తాను. రెండు రోజులు టైమివ్వండి, దాళ్వా నారుమడి తొక్కుతున్నాం, పగలు ఫోను ముట్టుకోవడం కుదరదు.

#32 వైనతేయ తీరం

మీరే రాయండి అన్నా. ఎన్ని రోజులైనా పర్లేదు.

#33 రేవు కాపలా (నిర్వాహకులు)

ఈలోపు ఎవరూ కథని వేరే దారి పట్టించకండి. పులస గారూ, మీకు ప్రత్యేకంగా.

#34 పులస ప్రియుడు

నేనేమన్నానండీ ఇప్పుడు!

#35 ఏటిగట్టు

మొదటి ముక్క పెడుతున్నాను. మిగతాది రేపు రాత్రి.

"లోపల్నించి ఎంతమంది అని వినపడగానే లెక్చరర్ నోరు తెరిచాడు. ఆయన వెనక గాలిలో ఇంకెవరో ముందే జవాబు చెప్పేశారు. తిరిగి చూస్తే గట్టు కింద జనం. తలల మీద గోనెపట్టాలు, తడిసి ఒంటికి అంటుకున్న బట్టలు. ఎప్పుడొచ్చారో, ఎన్నేళ్ళుగా అక్కడ ఉన్నారో తెలియదు. ముందు నిలబడ్డ మనిషి పన్నెండేళ్ళ కొడుకు చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

'నలభై మందిమండీ,' అన్నాడు.

కొడుకు తండ్రి చొక్కా లాగాడు. నాన్న లెక్క తప్పు చెప్పాడు. చంకబిడ్డల్ని కలపలేదు."